సందేహాల పెద్దాయన

“డాక్టరు గారూ, నాదో చిన్న సందేహం.”

బెంచీ మీద ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బస్సు డ్రైవరు చేతి గడియారం చూసుకున్నాడు.

“అడగండి పెద్దాయనా,” అన్నాడు డాక్టరు.

“చేదు తింటే ఒంట్లో తీపి విరిగిపోతుందంటారు. నిజమేనా?”

అందరూ గొల్లుమన్నారు. డాక్టరు మాత్రం నవ్వలేదు.

“నాలుక మీది చేదుకూ రక్తంలో తీపికీ సంబంధం లేదు. చేదును నమ్ముకుని మాత్ర మానేయకండి.”

ఎన్నేళ్ల కిందటి మాటో. ఆ చిన్న ఆస్పత్రి, స్పిరిటు వాసన, గోడవారన పొడుగాటి బెంచీ తలచుకుంటే, రిటైరైన ఆ డ్రైవరుకు ఇప్పటికీ మనసు మెత్తబడుతుంది. అప్పట్లో గురువారం పొద్దుట పూట షుగరు వాళ్లది. డాక్టరు ముందు అందరినీ కూర్చోబెట్టి తిండి గురించి, మాత్రల గురించి చెప్పేవాడు. ఆ తర్వాతే ఒక్కొక్కరినీ చూసేవాడు. ఇప్పుడంత తీరిక ఎవరికుంది?

చివర్లో “అర్థమైందా?” అంటే అంతా బుద్ధిమంతుల్లా తలూపేవారు. డ్రైవరూ ఊపేవాడు. సగం అర్థం కాకపోయినా పదిమందిలో అడగడానికి నామోషీ.

చెయ్యెత్తేది ఒక్క పెద్దాయనే. అందుకే సందేహాల పెద్దాయన అని పేరు పెట్టేశారు.

డ్రైవరుకు ఆ వేడుక చూసే ఓపిక లేదు. డిపో వాళ్లు మూడు నెలల గడువిచ్చారు. ఈలోగా షుగరు దారికి రాకపోతే స్టీరింగు వదిలి షెడ్డులో కూర్చోవాలి. ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషికి ఆ ఊహకే ప్రాణం ఉసూరుమనేది.

ఓ గురువారం పెద్దాయన మళ్లీ చెయ్యెత్తాడు.

“మాత్ర వేసుకున్నాక భోజనం కుదరకపోతే ఏమవుతుంది డాక్టరు గారూ?”

“పోయిన నెలా ఇదే అడిగారు కదండీ,” డ్రైవరు విసుక్కున్నాడు. “మీ చాదస్తంతో నా డ్యూటీకి ఆలస్యమవుతోంది.”

“మర్చిపోతుంటాను బాబూ. ఈ ఒక్కటీ చెప్పించుకోనీ.”

డాక్టరు మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు.

“షుగరు మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు మసక. వెంటనే కాస్త చక్కెర నోట్లో వేసుకోవాలి. నాకు షుగరు కదా అని ఆలోచిస్తూ కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది.”

గడువుకు రెండు రోజులే మిగిలాయి. తిండి మానితే షుగరూ దిగుతుందని డ్రైవరు సొంత తెలివి చూపించాడు. మాత్ర వేసుకుని, పొద్దుటి తిండీ మధ్యాహ్నం భోజనమూ ఎగ్గొట్టి బస్సెక్కాడు.

వంతెన దాటుతుంటే చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణికాయి. ఎదురుగా వస్తున్న లారీ రెండుగా కనిపించింది. వెనక నలభై మంది.

ఎండ దెబ్బేమో అనుకున్నాడు. అంతలో పెద్దాయన ప్రశ్న చెవిలో పడినట్టయింది.

బస్సు పక్కకు తీసి ఆపేశాడు.

“కండక్టరూ, చక్కెర... ఏదైనా తీపి.”

“నీకు షుగరు కదా అన్నా?”

“ముందు ఇవ్వు తమ్ముడూ. తర్వాత చెప్తా.”

ముందు సీట్లో ఒకావిడ తన పిల్లకు కొన్న పిప్పరమెంట్లు అందించింది. పావుగంటకు కళ్లు తేటపడ్డాయి. వేరే డ్రైవరు వచ్చేదాకా బస్సు కదల్లేదు, జనం సణుగుడూ ఆగలేదు.

డాక్టరు చెడామడా చీవాట్లు పెట్టాడు. మాత్ర మార్చాడు. డిపోకు ఉత్తరం రాసి ఇంకో నెల గడువు ఇప్పించాడు.

గురువారం అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు డ్రైవరు. పెద్దాయనకు దణ్ణం పెట్టి, ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలి.

బెంచీ నిండింది. పెద్దాయన రాలేదు.

“అర్థమైందా?” అన్నాడు డాక్టరు. అంతా తలూపారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

“పెద్దాయన రాలేదేం సిస్టర్?”

నర్సు చేతిలో సూది పక్కన పెట్టింది.

“మంగళవారం నిద్రలోనే పోయారన్నా. గుండె ఆగిపోయిందట.”

ఎంత మాట అన్నాను ఆ మనిషిని అని డ్రైవరు కుమిలిపోయాడు.

“ఇల్లెక్కడో చూడమ్మా, ఓసారి వెళ్లొస్తా. ఫైల్లో అడ్రసుంటుంది కదా.”

“ఆయనకు ఫైలు లేదన్నా. అసలు షుగరే లేదు.”

“మరి వారం వారం వచ్చేది...”

“షుగరు వాళ్లావిడకు. ఇద్దరూ ఇక్కడే కూర్చుని, డాక్టరు గారు ఏం చెప్పినా తలూపేవాళ్లు. ఆరేళ్ల కిందట, ఆవిడ చనిపోయిన రోజు మధ్యాహ్నం, చెమటలు కక్కుతూ, వణుకుతూ, కాస్త చక్కెర పెట్టమని అడిగిందట.”

నర్సు గొంతు తగ్గించింది.

“షుగరు మనిషి చక్కెర తినకూడదని, ఆవిడ మంచికే అనుకుని, డబ్బా అందకుండా అటక మీద దాచేసింది ఆయనే.”