రెండు టిక్కులు

లోయలో విమానాలు నడిపేటప్పుడు రాయిస్, డెల్బర్ట్ ఎక్కువ మాట్లాడుకోరు. ముందు పోయేవాడు నది మలుపు తిరిగినప్పుడల్లా రేడియోలో చెబుతాడు. వెనకవాడు మైకు మీట రెండుసార్లు నొక్కుతాడు. టిక్, టిక్. విన్నాను, వెనకే ఉన్నానని అర్థం. ఇరవై ఏళ్ల అలవాటు.

ఆ సాయంత్రం అమెరికాలోని యూటా ఎర్రకొండల నడుమ రాయిస్ ముందు పోయాడు. ఏడు మలుపులు చెప్పాడు. ఏడుసార్లూ టిక్కులు వినపడ్డాయి. చీకటి పడుతుండగా నది ఒడ్డున మట్టి రన్‌వే మీద దిగి, విమానాన్ని పక్కకు తీసి, ఇంజన్ ఆపాడు.

"దిగాను. దారి ఖాళీ. నువ్వూ వచ్చెయ్‌రా," అన్నాడు మైకులో.

టిక్, టిక్.

మధ్యాహ్నమే వచ్చి గుడారం వేసుకున్న వాళ్ల స్నేహితురాలు లోర్నా టార్చి పట్టుకుని వచ్చింది.

"ఎవరితోరా ఆ కబుర్లు?"

"ఇంకెవరితో? మన డెల్బర్ట్‌గాడితోనే. నత్తలా వస్తున్నాడు."

లోర్నా నవ్వలేదు. తన శాటిలైట్ ఫోన్ చూపించింది. గంటన్నర కిందటి మెసేజ్.

'నా ఇంజన్ మొరాయించింది. ఇవాళ్టికి రాలేను. రాయిస్‌గాడు నాకోసం ఆగకుండా ఎగిరిపోయాడు. వాడికి చెప్పు.'

రాయిస్ దాన్ని రెండుసార్లు చదివాడు. "మరి ఇందాక రమ్మంటే పలికిందెవరు?"

ఇద్దరూ ఆకాశం వైపు చూశారు. ఒక్క దీపం లేదు. ఇంజన్ చప్పుడు లేదు.

"దిగొద్దని చెప్పు," లోర్నా గుసగుసలాడింది. "ఎవరైనా సరే, దిగొద్దని చెప్పు."

అతను మైకు అందుకున్నాడు. బొటనవేలు మీట మీద పడేలోగానే, రన్‌వే అవతలి కొసన గులకరాళ్లు చక్రాల కింద నలగడం మొదలైంది.