బట్టమేకను చూపిస్తానన్న అవ్వ

అనంతగిరి ఘాటు దిగుతుండగా రోడ్డు పక్కన నెమలి కనిపించింది.

జనార్దన్ దుర్భిణి తీశాడు. బాల్‌రాజ్ సీటు కింది నుంచి తుపాకీ తీశాడు.

నెమలి ఎగిరి చెట్లలో కలిసిపోయింది. జనార్దన్ గుండెల్లో మాత్రం రాయి పడింది.

అతను వికారాబాద్ బడిలో డ్రాయింగు మాస్టరు. పిట్ట కనబడితే అన్నం సంగతి కూడా మరిచిపోయే మనిషి. తాండూరు ఆసామి బాల్‌రాజ్ మిలిటరీ వేలంలో కొన్న జీపులో తనకూ చోటిచ్చాడన్న సంబరంలో పొద్దున్నే నోరు జారాడు. పెద్దేముల్ చేలల్లో బట్టమేక తిరుగుతోందట, మనిషి నడుమెత్తు ఉండే ఆ పిట్టను ఒక్కసారి కళ్లారా చూడాలని ఉందన్నాడు.

"మంచి మాట చెప్పినవు సార్. దాని కూర మస్తుంటదట," అన్నాడు బాల్‌రాజ్ ఇప్పుడు తుపాకీ తుడుచుకుంటూ.

తన నోటి దురద పిట్ట ప్రాణం మీదికి తెచ్చింది. ఎవరో అంటే విన్నాను, వట్టి మాటేమోనని సర్దబోయాడు. బాల్‌రాజ్ వినిపించుకోలేదు.

ధారూరు దాటాక జింకల గుంపు ఎదురైంది. టెలిగ్రాఫు తీగల మీద పాలపిట్టలున్నాయి. ఇంకో రోజైతే జీపు ఆపమని బతిమాలేవాడే. ఇవాళ దుర్భిణి ఒళ్లోనే ఉండిపోయింది.

పెద్దేముల్ పొలిమేరలో ఒక ముసలామె కనబడితే బాల్‌రాజ్ జీపు ఆపించాడు. షికారుకు వచ్చినవాళ్లు దారి చూపడానికి ఊళ్లో మనిషిని ఎక్కించుకోవడం ఆనవాయితీ.

"బట్టమేకనా? ఎందుకు చూడలే పటేలా. జర ఎక్కించుకోండ్రి, చూపిస్త," అందామె. పేరు మైసమ్మట.

జనార్దన్‌కు ఆమె నోరు మూసేయాలనిపించింది.

ఇక మైసమ్మ చూపించడం మొదలుపెట్టింది. గుట్ట వెనక ఉందంది, అక్కడ మేకలున్నాయి. వాగు అవతల ఉందంది, అక్కడ కొంగలున్నాయి. నిన్న ఇక్కడే మేసిందని ఒట్టేసింది. డ్రైవరు లతీఫ్ ఆమె చెప్పిన వైపల్లా బండి తిప్పాడు.

ఒకచోట పెసరచేను పీకేసి ఉంది. నడుమ చాపంత జాగా మాత్రం పీకకుండా వదిలేశారు. బాల్‌రాజ్ అటు పోనిమ్మన్నాడు.

"గటొద్దు పటేలా. నల్లరేగడి, నిన్ననే వాన పడ్డది. జీపు దిగబడితె ఎడ్లు సుత గుంజలేవు."

లతీఫ్ బండి తిప్పేశాడు.

పొద్దు వాలేసరికి బాల్‌రాజ్ ఓపిక అయిపోయింది. ఆమెను తాండూరు రోడ్డు మీదే దింపేశాడు. పెద్దేముల్ చాలా దూరం వెనకే ఉండిపోయింది. ఆమె వెనక్కి నడిచింది.

"పిచ్చిది," అన్నాడు బాల్‌రాజ్.

జనార్దన్ కూడా నవ్వాడు. ఒళ్లోనే ఉండిపోయిన దుర్భిణిని అప్పటికి కళ్లకు పెట్టుకున్నాడు.

తాండూరులో బాల్‌రాజ్ తన ఇంటికి వెళ్లిపోయాక జనార్దన్ లతీఫ్‌తో కలిసి చాయ్ తాగాడు. ఆ అవ్వకు ఏమీ తెలియకపోవడమే మంచిదైంది, గండం గడిచిందన్నాడు.

లతీఫ్ చాయ్ సాసరులో పోసుకుని ఊదుకున్నాడు.

"మాది సుత పెద్దేములే సార్. గా పెసరచేను మైసమ్మదే, బట్టమేక గుడ్డు పెట్టిందని గంత జాగా పీకకుండ ఇడిసింది."