శాలిని తిన్న లేహ్యం

చీపురుపల్లి బజారులో కూర్మనాథం నిచ్చెనెక్కి తన మూలికల కొట్టు ఫ్లెక్సీ తాళ్లు కోస్తున్నాడు. ఫ్లెక్సీలో బాక్సర్ శాలిని పిడికిలి బిగించి ఉంది. పక్కన లేహ్యం డబ్బా. కింద, "ఈ బలం మా లేహ్యానిదే!"

"ఏటి మావా, నన్ను దించేస్తన్నావా?" శాలిని వచ్చి, ఊగుతున్న నిచ్చెన పట్టుకుంది.

"నువ్వు బలం మందు తిని గెలిసినావని టీవీలో వస్తన్నాదే. నా కొట్టు పరువేటవుతాది?"

"ఆటల ఆఫీసర్లకి ఆ అనుమానం నీ ఫ్లెక్సీ సూసే వచ్చినాది. పతకం లాగేసుకుంటారంట. నీ లేహ్యం నేనెప్పుడైనా ముట్టినానా?"

కూర్మనాథం చెయ్యి ఆగింది. శాలిని పేరున అభిమాన సంఘం పెట్టిందీ తనే, ఆ అబద్ధం రాయించిందీ తనే.

"ముట్టనేదమ్మా."

"ఆ మాటే ఆఫీసర్లకి సెప్పు మావా."

"సెప్తాను. దేవుడి మీద ఒట్టు."

అంతలో ఒకాయన మోటారు సైకిలు ఆపాడు.

"శాలిని తిన్న మందు ఇదేనా బాబూ? ఆఫీసర్లే అడలిపోతన్నారంటే ఎంత బలమైందో! మావోడికి రెండు డబ్బాలియ్యి."

ఆయన వెనకాల ఇంకో ఇద్దరు ఆగారు.

కూర్మనాథం కిందికి చూశాడు. అతను పడిపోకుండా శాలిని ఇంకా నిచ్చెన పట్టుకునే ఉంది.

"ఒక్క నిమిషం బాబూ," అంటూ కోసిన తాళ్లను మళ్లీ గట్టిగా ముడేయసాగాడు.