సీమపనస చెట్టు కింద మనిషి

"గుడ్ మార్నింగ్ చెప్పనివాడికి గుక్కెడు నీళ్లు కూడా పొయ్యను!"

వడల దుకాణంలోంచి గరిటె ఎత్తి యూలాలీ అరిచేసరికి రేవులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

ఓడ వచ్చిన రోజున ఆన్స్ గ్రిస్ అనే ఆ దీవి ఊళ్లో ఎవరూ ఇలా అరవరు. దూరంగా సముద్రంలో ఆగిన ఓడ నుంచి చిన్న పడవల్లో దిగే టూరిస్టులే ఆ ఊరికి కూడూ గుడ్డా.

కానీ ఆవిడ మనసు ఆవేళ మనసులో లేదు. తెల్లారితే కోర్టు.

రేవు పక్కన దుకాణం ఉన్న ఆ కాస్త నేలా తల్లి ఇచ్చిపోయింది. ఆవిడకీ, అన్న థియోఫిల్‌కీ ఉమ్మడి. ఇద్దరూ జడ్జి ముందు నిలబడి "మేం అమ్మం" అంటే హోటల్ కంపెనీ తోక ముడవాల్సిందే. ఒక్కరే నిలబడితే నేల పోయినట్టే.

అన్నేమో ఈవిడకి పాలపళ్లు ఊడే వయసులో ఓడెక్కి ఇంగ్లండ్ పోయాడు. మళ్లీ అజాపజా లేదు. మొన్ననే కబురొచ్చింది, బయల్దేరాడని.

"ఇంకా రాలేదేంటత్తా?" అని పొద్దున్నే గిల్లాడు టాక్సీ నడిపే లెన్నాక్స్.

"వస్తే నీకు నేను చెప్పక్కర్లేదురా. మా అన్న చర్చిలో పాడితే నడిసముద్రంలో వల లాగేవాళ్లకి వినబడేది. దిగీ దిగగానే 'లాలీ!' అని అరుస్తాడు, చూడు."

"రాకపోతే?"

"నీ నోట్లో మన్ను పడ! ఆయన బొడ్డుతాడు పాతిన చోటే మా అమ్మ ఆ సీమపనస నాటింది. నాది ఈ కొబ్బరి కింద ఉంది. ఎక్కడికి పోతాడు?"

"చెట్లు కోర్టుకొచ్చి సాక్ష్యం చెబుతాయా అత్తా?"

వాడికీ ఉంది అలాంటి చెట్టు. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఉంటుంది. అయినా వేళాకోళం.

ఇదిగో, సరిగ్గా అప్పుడే తగలడ్డాడు ఆ మనిషి.

ముసలాయన. అంత ఎండలోనూ మెడకి రుమాలు. ఓడవాళ్లిచ్చిన టోపీ.

పలకరింపు లేదు, పాడూ లేదు. దుకాణం ముందు నిలబడి ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.

"గుడ్ మార్నింగ్," అంది యూలాలీ, చిన్నపిల్లాడికి నేర్పుతున్నట్టు.

పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"ఉప్పుచేప వడలు కావాలా?"

తల అడ్డంగా ఊపాడు. సీమపనస చెట్టు చూపించాడు. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కాయలు అమ్మను. ఆకలైతే మీ ఓడలో తినండి."

మళ్లీ చెట్టు. మళ్లీ పొట్ట.

అప్పుడే అరిచింది ఆవిడ, గుక్కెడు నీళ్ల మాట.

ఆయన గాభరాగా జేబులోంచి పెన్ను తీశాడు.

పెన్ను చూడగానే యూలాలీకి అరికాలి మంట నెత్తికెక్కింది. హోటల్ వాళ్లు ఎప్పుడొచ్చినా పెన్ను పట్టుకునే వస్తారు. అన్న వాటా విడిగా కొనెయ్యాలని ఆయన కోసం దేశాలన్నీ గాలిస్తున్నారని ఊళ్లో అందరికీ తెలుసు.

"అదీ సంగతి! ఈసారి మన రంగువాణ్ణే పంపారా? మా అన్న జాడ కోసమేగా వచ్చావు? నాకు అన్న లేడు! ఏనాడో చచ్చాడు! వెళ్లి చెప్పుకో పో!"

కంపెనీ వాళ్లకి అన్న దొరక్కూడదనే ఆ అబద్ధం. పాపం, ఇంకేం చేస్తుంది?

పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చెట్టు దగ్గరికెళ్లి మానుకి నుదురు ఆనించాడు. రాలిన ఆకు ఒకటి ఏరుకుని రేవు వైపు నడిచాడు.

"దిక్కుమాలిన మనిషి, ఆకు కూడా వదల్లేదు," అంది యూలాలీ.

సాయంత్రం ఓడ కూత వేసి కదిలింది. లెన్నాక్స్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అత్తా, పొద్దున నువ్వు తిట్టావే, ఆయన... పడవెక్కుతుంటే గాలికి రుమాలు ఎగిరిపోయింది. గొంతు మధ్యలో రంధ్రం. ఏదో జబ్బుకి ఆపరేషన్ చేసి కోసేసినట్టున్నారు. గుడ్ మార్నింగ్ ఎక్కడి నుంచి తెస్తాడు?"

యూలాలీ నూనెలో వడ తిప్పడం మర్చిపోయింది.

"ఆ సీమపనసకేసి చూపించి మళ్లీ ఆ పొట్టే చూపించాడు. నేనూ ఆకలేమో అనుకున్నా. కాదత్తా. సరిగ్గా బొడ్డు మీద వేలు పెట్టుకుని ఏడ్చాడు."

ఆవిడ సీమపనస వైపు చూసింది. ఒక్క ఉదుటున నీళ్ల దాకా పరిగెత్తింది.

"అన్నా! థియో అన్నా!"

ఓడ అప్పటికే చాలా దూరం పోయింది. ఆవిడ గొంతు అన్న గొంతులాంటిది కాదు, రేవు కూడా దాటలేదు.

రేపు కోర్టులో చెల్లెలి పక్కన నిలబడదామని వచ్చిన అన్న, పొద్దున తన చెట్టు కింద కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.