అల్లుడి పులి

"పులులు మళ్లీ కట్టుపడిపోనాయి బాబూ," అంది సింహాచలమ్మ, ఏదో తప్పు చేసినదానిలా.

సూర్యం టీవీ వంక చూశాడు. తెర మీద మూడు పులులూ మేకల మధ్య ఇరుక్కుని కదల్లేక కూర్చున్నాయి. పులుల్ని ఆడించేది టీవీకి తగిలించిన బుల్లి కంప్యూటర్. మేకల్ని ఆడించేది అతని అత్తగారు. కంప్యూటర్‌కు పులిమేక ఆట నేర్పిన మహానుభావుడు సూర్యమే.

"ఇలగాడితే ఆదివారం నా పరువేటైపోద్ది అత్తా?" అని తల పట్టుకున్నాడు.

ఆదివారం గణపతిరావు వస్తున్నాడు. ఉక్కు మిల్లులో సూర్యానికి పై ఆఫీసరు ఆయన. కొత్తగా పెడుతున్న కంప్యూటర్ సెక్షన్‌కు మనుషుల్ని ఎంచేది కూడా ఆయనే. "నీ మెషిన్ నాకు కాస్త చెమట పట్టించిందంటే చాలు, నీ సీటు పక్కా," అని మాటిచ్చాడు. ఆయనకు చెమట పట్టించడం మాటలా? తెలుగు సంఘం ఉగాది ఆటల్లో పులిమేక కప్పు ఏటా ఆయన ఇంటికే వెళ్తుంది. మొన్నటి ఉగాదికి ఫైనల్లో సూర్యం కూడా గెలిచేలానే ఆడి, ఆఖర్న ఆయన చేతిలో ఓడిపోయాడు.

ఈ సీటు తప్పిపోతే మళ్లీ మిల్లులో ఆ ఎర్రగా కాలిన ఇనుము ముందు నిలబడి ఒళ్లు కాల్చుకోవాల్సిందే. తలుచుకుంటేనే సూర్యానికి ఏడుపొచ్చింది. కంచం ముందు నుంచి లేచిపోయి, అన్నం ముట్టకుండానే డ్యూటీకి వెళ్లిపోయాడు.

దారిలో ఉపాయం తట్టింది. తన పులికి ఉన్న జబ్బు ఆబ. పక్కన మేక కనపడితే చాలు, ఎగిరి మింగేస్తుంది. అత్తగారు అది కనిపెట్టి ఒక మేకను ఎర వేస్తుంది, పులిని మూలకు లాగుతుంది, కట్టేస్తుంది. అందుకని డ్యూటీ దిగి ఇంటికి రాగానే సూర్యం ఈసారి కొత్త పద్ధతి పెట్టాడు. గెలిచిన ఆటలో వేసిన ఎత్తులు మంచివని, ఓడిన ఆటలో వేసినవి చెడ్డవని కంప్యూటర్ తనంతట తనే గుర్తుపెట్టుకోవాలి. ఆడేకొద్దీ రాటుదేలాలి.

"అత్తా, మీరు రోజూ దాంతో ఆడుతుండండి. మన సిద్ధగోరా పేటలో మీకంటే బాగా ఆడేవాళ్లు నేరు. మీ దగ్గర నేర్చుకుందంటే దానికి తిరుగుండదు."

"అలగే బాబూ," అంది సింహాచలమ్మ. పెట్టెలో ఉన్న పులికి పాఠం ఎలా ఎక్కుతుందో ఆవిడకు అర్థం కాలేదు గానీ, అల్లుడు అడిగాక కాదంటుందా?

సూర్యం డ్యూటీ నుంచి వచ్చేసరికి మర్నాడే శుభవార్త. పులి గెలిచింది! ఆ మర్నాడూ గెలిచింది. ఆ తరవాత అత్తగారు ఒక్కసారైనా పులిని కట్టేస్తే ఒట్టు. సూర్యం రెండు చేతులా అన్నం తినడం మొదలుపెట్టాడు.

"చూశావా పద్మా, మీ అమ్మ లాంటిదాన్నే ఓడించీసింది!"

"మీ బుర్రే బుర్రండీ," అంది పద్మకుమారి, నవ్వు కొంగులో దాచుకుంటూ.

ఆదివారం గణపతిరావు వచ్చాడు. జుగ్సలాయి బజారు నుంచి తెప్పించిన జిలేబీ చప్పరిస్తూ టీవీ ముందు కూర్చుని మేకల్ని పరిచాడు. సూర్యం ఆయన నుదుటి మీద చెమట కోసం చూస్తున్నాడు.

పులి కదిలింది. మేకను వదిలేసి, పనిగట్టుకుని మూలకు నడిచింది. రెండోది దాని వెనకే వెళ్లింది. మూడోది ఆ రెంటికీ దారి మూసేసి కూర్చుంది. జిలేబీ పూర్తికాకముందే ఆట పూర్తయిపోయింది.

"బస్? ఇంతేనా?" అన్నాడు గణపతిరావు చేతులు తుడుచుకుంటూ. "అరే భాయ్, దీనికంటే మా మనవడు నయం."

చెమటలు సూర్యానికే పట్టాయి. "అత్తా! వారం నుంచి మిమ్మల్ని ఓడిత్తన్నది ఈ పులే కదా?"

తలుపు చాటు నుంచి సింహాచలమ్మ సగం ముఖమే కనిపించింది. "ఏటి చెయ్యను బాబూ? నాను గెలిత్తే మీరు అన్నం మానీసి ఎలిపోయారు. అల్లుడి ఆకలి కంటే ఆట ఎక్కువేటి? అందుకే ఓడిపోతన్నాను. అది మూలకెళ్లినా ఒగ్గీసేదాన్ని, గెలిపించీసేదాన్ని."

సూర్యం కుర్చీలో కూలబడ్డాడు. మూలకెళ్లి కూర్చోవడమే గెలుపు దారి అని పులి వారం పాటు శ్రద్ధగా నేర్చుకుంది. పాపం, దాని తప్పేముంది?

గణపతిరావు పగలబడి నవ్వాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. సూర్యానికి ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన ఇంతలా నవ్వాడంటే సీటు ఇంకా చెయ్యిజారలేదేమో!

"భలే అత్తగారయ్యా! ఏమ్మా, వారం రోజులు ఓడిపోతుంటే మీ అల్లుడికి అనుమానమైనా రాలేదా?"

"ఎలగొత్తాదండీ? తెలిసేటట్టు ఓడితే మరియాదేటుంటాది?" సింహాచలమ్మకు కాస్త ధైర్యం వచ్చి తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. "గెలిచేలాగే ఆడాలండి. ఆఖర్న ఒక్క ఎత్తు తప్పెయ్యాలి. పెద్దోళ్లతోటి అలగే ఆడతారు, మావోళ్లందరికీ తెలుసు."

గణపతిరావు నవ్వు సగంలో ఆగిపోయింది. కళ్లజోడు నెమ్మదిగా పెట్టుకుని, సూర్యం వైపు తిరిగాడు.

"సూర్యం, మొన్న ఉగాది ఫైనల్లో నా చేతిలో ఓడిపోయింది నువ్వే కదూ?"