బాల్కనీలో కొండగాలి

"నీ పెట్టెకి జలుబు చేసినట్టుంది. ముక్కు కారుతోంది," అంది లియెన్‌సియెన్.

కోడలు రుయ్‌చీ బాల్కనీలో కూర్చుని పాత ఫ్రిజ్ అడుగున చేరిన నీళ్ళు తుడుస్తోంది. అరలన్నీ పీకేసి, లోపల చిన్న ఫ్యాను, తేమ చూపే మీటరు, పైన ఒక కొక్కెం బిగించింది. కొక్కేనికి ఉప్పు పట్టించిన పంది తొడ వేలాడుతోంది. ఒక్కటే.

"మీ ఊళ్ళో చలిగాలి దానంతటదే వస్తుంది అత్తయ్యా. ఇక్కడ నేను తయారుచెయ్యాలి."

"మా గాలి ఇంత రొద చెయ్యదులే."

సువాన్‌వెయ్ కొండల్లో ఉప్పు తొడని దూలానికి కట్టి వదిలేస్తే చాలు, చలిగాలికి అదే ఆరి మాగుతుంది. ఈ గ్వాంగ్‌జౌ నగరం అలా కాదు. వసంతం వస్తే గోడలకి చెమట్లు పడతాయి. చెప్పులకి కూడా బూజు పడుతుంది. ఊరు విడిచి వచ్చేటప్పుడు లియెన్‌సియెన్ సామానంతా ఎవరెవరికో ఇచ్చేసి, ఈ తొడని మాత్రం దుప్పట్లో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"ఇది గనక కుళ్ళిందో, ఆ కొక్కేనికి నిన్ను తగిలిస్తా," అనేది కోడలితో.

రుయ్‌చీ ఆఫీసు నుంచి ఫోను చేసి మీటరు ఎంత చూపిస్తోందని అడిగేది.

"నా ఒంట్లో ఎలా ఉందని ఎప్పుడైనా అడిగావుటే?" అని దెప్పి, అంకె చదివి చెప్పేది అత్తగారు.

పక్కింటి హో గారికి ఆ తొడ మీదే కన్ను.

"మాగిందా అక్కా? చిన్న ముక్క చాలు. సూప్‌లో వేసుకుంటా."

లియెన్‌సియెన్ పొడవాటి వెదురు పుల్లని తొడలోకి గుచ్చి, తీసి, వాసన చూసేది.

"పచ్చి," అని తేల్చి, ఆ కన్నాన్ని కొవ్వుతో పూడ్చేది.

"పోయినేడూ ఇదే మాట!"

"తప్పు నా ఫ్యానుదే బాబాయ్," అని రుయ్‌చీ ఒప్పేసుకునేది.

ఈ వసంతంలో సువాన్‌వెయ్ నుంచి లియెన్‌సియెన్ తమ్ముడు తెంగ్‌వూ వచ్చాడు. ఇలాంటి ఉప్పు తొడలు మాగాయో లేదో పరీక్షించడమే అతని వృత్తి. అయినవాళ్ళ సరుకైనా సరే, బాగా లేకపోతే మొహం మీదే చెప్పేస్తాడని పేరు. సంగతి తెలిసి హో గారు ఏకంగా పళ్ళెం పట్టుకుని వచ్చారు.

"ఇవాళ్టితో తేలిపోతుంది మీ అత్తాకోడళ్ళ నాటకం!"

తెంగ్‌వూ పుల్ల గుచ్చి బయటికి లాగాడు. కమ్మటి వాసన గుమ్మం దాకా వచ్చింది. హో గారు గుటక వేశారు.

తెంగ్‌వూ అక్క వైపు చూశాడు. ఆవిడ ఎటో చూస్తోంది. రుయ్‌చీ పొడిగా ఉన్న మీటరునే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"పచ్చి," అన్నాడు తెంగ్‌వూ.

"నీకు ముక్కుందా అసలు?" హో గారికి ఒళ్ళు మండింది.

తెంగ్‌వూ కన్నాన్ని కొవ్వుతో పూడ్చి, ఫ్రిజ్ తలుపు మెల్లగా మూశాడు.

"ఫ్యాను ఆపకమ్మా," అన్నాడు రుయ్‌చీతో.

అప్పట్లో ఊళ్ళో ఆ తొడకి ఉప్పు రుద్ది, చేతులు కడుక్కుని, బొగ్గు గనిలోకి దిగిన లియెన్‌సియెన్ కొడుకు మళ్ళీ పైకి రాలేదు.