ఇంకో గంట

మందుల షాపు మెట్ల పక్కన బ్యాటరీ చక్రాల కుర్చీ మళ్లీ ఆగిపోయింది.

అందులో కూర్చున్న పెద్దాయన్ని చూడగానే షాపావిడకు ఒళ్లు మండింది. మూడు నెలల్లో ఇది నాలుగోసారి. ఛార్జింగ్ చూసుకోకుండా బయల్దేరడం, సరిగ్గా తన షాపు ముందే చతికిలబడడం. ఆయనకు మతిమరుపు తాత అని పేరు కూడా పెట్టేసింది.

అసలే ఆ రోజు ఆవిడ మనసు మనసులో లేదు. నడవలేని చెల్లెలి కుర్చీని పొద్దున్నే సర్వీసుకు పట్టుకెళ్లారు. సాయంత్రం అది తిరిగొచ్చేదాకా ఆ పిల్లకు మంచమే గతి.

"ఛార్జరుందా తాతా? లోపల ప్లగ్గు పెడతాను."

"వద్దమ్మా. సున్నాకొచ్చాక కాసేపు అలా వదిలెయ్యాలి. ఇంకో గంట ఇక్కడే ఉంటాను."

ఎండలో గంటసేపు ఊరికే కూర్చుంటాడట. ఆవిడకు జాలీ కోపమూ కలిసి వచ్చాయి. వద్దు వద్దంటున్నా వినకుండా, సీటు కింది సంచిలోంచి ఛార్జరు లాగి ప్లగ్గు పెట్టేసింది. ఆయన ముఖం చిన్నబోయింది.

అంతటితో ఊరుకోలేదు. కుర్చీ వీపున వికలాంగుల కేంద్రం ముద్ర ఉంది; వాళ్లిచ్చేవన్నీ ఒకే రకం. చెల్లెలికి కుర్చీ ఇచ్చిందీ ఆ కేంద్రమే, నంబరు నోటికొచ్చు. ఇలాంటి మనిషిని ఒంటరిగా రోడ్డు మీదికి ఎలా వదిలారని ఫోన్లో దులిపేసింది.

ఆయన మళ్లీ రాలేదు. పీడ వదిలిందనుకుంది.

రెండు నెలలకు చెల్లెలి కుర్చీ రైలు పట్టాల మీద ఆగిపోయింది. మీటరు మాత్రం సగం ఛార్జింగ్ ఉందనే చూపిస్తోంది. గేటు మనిషి పరుగున వచ్చి చెల్లెల్ని ఎత్తుకుని బయటపడ్డాడు. కుర్చీ రైలు కింద నుజ్జునుజ్జయింది.

ఒంటి మీద గీత పడలేదు గానీ, ఆ పిల్ల ఇక గడప దాటనంటోంది.

షాపావిడ కేంద్రానికి వెళ్లి విరుచుకుపడింది. సూపర్‌వైజరు తలదించుకుని విన్నాడు. బ్యాటరీ రోజురోజుకీ చిక్కిపోతుందట. మీటరుకు ఆ సంగతి తెలియక, కొత్తలో పట్టినంతే ఇప్పుడూ పడుతుందని లెక్కేస్తుందట. నిండుగా నింపి, ఆగిపోయేదాకా నడిపి, గంటసేపు ఛార్జింగ్ పెట్టకుండా వదిలేస్తేనే అది నిజం నేర్చుకుంటుందట.

"ఆ పనికి ఒక మెకానిక్ ఉండేవారమ్మా. మనిషి బరువుతోనే నడిపి చూడాలని, ప్రతి కుర్చీలో తనే కూర్చుని వెళ్లేవారు. ఎవరో ఫోన్ చేసి తిట్టారని మా పైవాళ్లు మాన్పించేశారు. పోయిన నెల ఆయన చనిపోయారు."

ఆవిడ అడ్డొచ్చింది. "ఆయనకి కాళ్లు..."

"కాళ్లకేం, ఈ మూడంతస్తులూ మెట్లెక్కే వచ్చేవారు."

అతను రిజిస్టరు తెరిచి ఆవిడ వైపు తిప్పాడు.

పెద్దాయన చేతిరాతలో, చివరి వరుసలో చెల్లెలి పేరుంది, దాని పక్కనే రాసుంది: 'మందుల షాపమ్మ మంచి మనసుతో ప్లగ్గు పెట్టేసింది, ఇంకో గంట ఆగాల్సింది, మళ్లీ చెయ్యాలి.'